వాగు పేరు చెప్పని ఇనగావా

ఆగస్టు చివర్లో పిల్లలు సెలవుల్లో ఏరుకున్న రాళ్లకూ పురుగులకూ పేర్లు చెప్పించుకోవడానికి మ్యూజియంలో వరుస కడతారు. అరవై మూడేళ్ల ఇనగావా కూడా ఏటా ఆ వరుసలో నిలబడతాడు. మెడలో తువ్వాలు, నడుముకు సుత్తి, ఎలుగుబంట్లను బెదిరించే గంట. దొరికిన ప్రతి రాయినీ నాలుకకు ఆనించి, అంటుకుంటే అది రాయిగా మారిన పాతకాలపు ఎముకేనని తేల్చేస్తాడు. పదకొండేళ్లుగా మ్యూజియం వాళ్లు అది రాయేనని తేలుస్తున్నారు.

"ఈసారి ఏ గులకరాయి మోసుకొచ్చావోయ్?" అన్నాడు వెనక నిలబడ్డ తొగాషి. అతనిదీ శిలాజాల పిచ్చే.

బల్ల దగ్గర కూర్చున్న మ్యూజియం నిపుణురాలు హిరబయాషి రాయిని తిప్పి చూసి లేచి నిలబడింది. "ఇనగావా గారూ, ఇది సముద్రపు సరీసృపం వెన్నుపూసండీ! కొత్త జాతే అయితే మీ పేరే పెట్టొచ్చు. ఎక్కడ దొరికింది?"

ఇనగావా కళ్లు చెమర్చాయి. "వాగు పేరు కూడా రాస్తారా?"

"అందరూ చూసే చీటీ మీదే రాస్తాం. చోటు తెలియకపోతే ఇది దేనికీ పనికిరాదు."

తొగాషి మెడ ముందుకు సాగింది. అది ఇనగావా తన భార్యకు కూడా చెప్పని వాగు.

"గుర్తులేదండీ," అన్నాడు ఇనగావా.

ఆమె నిట్టూర్చి, ఎముకను పిల్లలు తాకి చూసే పెట్టెలో వేసింది. ఇనగావా తొగాషి వైపు తిరిగి, గెలిచినవాడిలా నవ్వాడు.