పర్సోం అంటే ఎప్పుడు?

బసవయ్య చేతులు పాత బొంతను గోడకు కడుతున్నాయి. మేకు చుట్టూ తాడు తిప్పి, కొసను మడతపెట్టి లోపలికి దూర్చి గుంజితే ముడి పడింది. బర్రెను గుంజకు కట్టే ముడి అది. ఎంత లాగినా ఊడదు, కొస పట్టి ఒక్క గుంజు గుంజితే విడిపోతుంది. హైదరాబాదు గౌలిపురలో వాళ్ల నాయన పాలవ్యాపారం చేసిన రోజుల్లో పట్టుబడిన పని.

అది నాలుగో బొంత. బడిలోని ఆ తరగతి గదికి పైన రేకులు, చుట్టూ నున్నటి గోడలు. మాట గోడకు తగిలి మళ్లీ మైకులో పడుతుంది. బొంత ఉంటే దాన్ని మింగేస్తుంది. ఇది అతనికి ఎవరూ చెప్పలేదు. కాలిపోయిన ఆంప్లిఫైయర్‌ను విప్పి మైకుసెట్టు పని నేర్చుకున్నవాడు, ముప్పై ఏళ్లుగా బోనాలకూ పెళ్లిళ్లకూ మైకులు కడుతూ తెలుసుకున్నాడు.

పదిహేను రోజుల కింద మాత్రం తప్పు చేశాడు. తనూజ టీచర్ ఈ బడి ఆడపిల్లలను కరాచీలో ఒక బడి పిల్లలతో వీడియో కాల్లో కలిపింది. ఒకరినొకరు చూసి మాట్లాడుకున్న పిల్లలు రేపు ఎవరో చెప్పిన మాట విని పగ పెట్టుకోరని ఆమె నమ్మకం. బసవయ్య ఆ రోజు పెళ్లి పని మధ్యలో ఉరికొచ్చి, సౌండ్ బాక్సును మైకుకు ఎదురుగా పెట్టిపోయాడు. అటువైపు నుంచి మహ్నూర్ అనే పిల్ల, మేము గీసి పంపిన బొమ్మలు ఎప్పుడు చూశారని అడిగింది. తొమ్మిదో తరగతి రచన హిందీలో "పర్సోం" అంది, మొన్న అని. అటు మొహాలు మాడిపోయాయి. వాళ్లేదో అడిగేలోపు మైకు కూత పెట్టింది, కాల్ తెగింది.

మర్నాడు కరాచీ నుంచి ముక్తసరిగా కబురొచ్చింది: మీకు ఇష్టం లేకపోతే బలవంతం లేదు, ఇంకొక్కసారి మాట్లాడి ముగిద్దాం. హెడ్‌మాస్టర్ రామానుజం గారు కూడా అదే మంచిదన్నారు. ఆ రోజు రచన అన్నం డబ్బా తెరవలేదని తనూజ చెప్పింది మొదలు బసవయ్యకు మనసు మనసులో లేదు. చెడగొట్టింది తన మైకే.

అందుకే ఇవాళ పొద్దున్నే వచ్చాడు. సౌండ్ బాక్సు మైకు వెనక్కి పోయింది. ఫ్యాను ఆగింది. రచనను మైకు ముందు నిలబెట్టి జానెడు దూరం కొలిచాడు.

"కాకా, మల్ల కూత పెడ్తదా?"

"పెడితే నా మైకు మూసీల పారేస్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

కాల్ కలిసింది. గొంతు గంటలా వినిపించింది. మహ్నూర్ నవ్వలేదు. మళ్లీ అదే ప్రశ్న వేసింది. రచన మళ్లీ అదే జవాబు చెప్పింది. కూత లేదు, గరగర లేదు. అయినా మహ్నూర్ మొహం మాడింది. పోయినసారీ పర్సోమే, ఇవాళా పర్సోమేనా, ఇందులో ఏది అబద్ధమని అడిగింది. మేము పంపి రెండు నెలలైంది, అప్పటిదాకా తెరవనే లేదా అని కూడా అంది.

రచన టీచర్ వైపు తిరిగింది. తనూజ తడబడింది. బసవయ్య చెయ్యి అలవాటుగా వాల్యూమ్ మీదికి పోయి ఆగింది. తప్పు వైరులో లేదు. మైకు మాటను ఉన్నదున్నట్టు పంపింది, మాటే దారి తప్పింది.

ముప్పై ఏళ్లలో అతను మైకులో "హలో, చెక్" తప్ప మరో మాట మాట్లాడలేదు. వంగి మైకు దగ్గరికి వచ్చాడు.

"బిటియా, మేరీ షాదీ భీ పర్సోంచ్ హుయీ." తన పెళ్లి కూడా మొన్ననే అయిందని. ఊపిరి తీసుకుని అన్నాడు: "బత్తీస్ బరస్ హోగయే." అంటే ముప్పై రెండేళ్లు.

అటువైపు వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు బెంచీలన్నీ చుట్టి మహ్నూర్ దాకా వచ్చింది. మీకు పర్సోం అంటే సరిగ్గా రెండు రోజుల కిందే, మా హైదరాబాదులో మాత్రం నిన్నటికి ముందున్నదంతా పర్సోమే అని, తెలుగులో మొన్న అన్నా అంతేనని బసవయ్య చెప్పుకొచ్చాడు. రచనకు తోవ దొరికింది. లాప్‌టాప్‌ను బీరువా వైపు తిప్పింది. తలుపు నిండా కరాచీ బొమ్మలు. ఇన్నాళ్ల కిటికీ ఎండకు రంగు వెలిసి, మూలలు ముడుచుకున్నాయి. వచ్చిన రోజే అతికించామంది.

మహ్నూర్ చాలాసేపు చూసింది. ఆ తర్వాత గంటసేపు ఎవరూ గడియారం చూడలేదు. చివర్న, మళ్లీ ఎప్పుడని మహ్నూరే అడిగింది. తారీఖు చెప్పు, పర్సోం అనకు అంది. వెనక కూర్చుని చూస్తున్న రామానుజం గారు గొంతు సవరించుకుని, లేచి వెళ్లి బోర్డు మీద తారీఖు తనే రాశారు.

మిగతా పిల్లలు వెళ్లాక బసవయ్య సుద్దముక్కతో నేల మీద రెండు గుండ్రాలు గీశాడు, ఒకటి మైకుకు, ఒకటి సౌండ్ బాక్సుకు. రచన చేత బొంత కట్టే ఆ ముడి మూడుసార్లు వేయించాడు. మూడోది నిలిచింది.

"నేను లేకున్నా నడవాలె," అని మైకు తీసి ఆమె చేతిలో పెట్టాడు.