కొట్టెయ్యని గీత

నేను కరెంటు పనివాణ్ణి. టెస్టర్ పెడితే వెలగాలి, అప్పుడే నమ్మే రకం. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, ఒట్టేసి చెబుతున్నాను... ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు.

రెండు వేల ఆరో, ఏడో. అనకాపల్లిలో మూతపడిన ఒక బెల్లం గోడౌన్. విశాఖ నుంచి బొమ్మలేసే ఒకమ్మాయి వచ్చి, ఆ గోడౌన్‌నే బొమ్మగా చేస్తానంది. గోడకి బొమ్మలు తగిలించడం కాదట... గోడ, చీకటి, వచ్చే జనం, అంతా కలిపి బొమ్మట. నాకు బల్బుల పని దొరికింది, అదే చాలనుకున్నాను.

లోపలికి వచ్చినవాళ్లు, వెనకటి కళాసీలు బెల్లం దిమ్మలు మోస్తూ లెక్కపెట్టినట్టు, వరస అంకె గట్టిగా చెప్పి గోడ మీద బొగ్గుతో గీత గీయాలి. మొదటివాడు 'ఒకటి' అనడు, శుభం కోసం 'లాభం' అంటాడు. వెళ్లేటప్పుడు ఎవరి గీత వాళ్లు అడ్డంగా కొట్టెయ్యాలి. ఆ అంకెలన్నీ రికార్డయి, మూలనున్న సౌండు పెట్టెలోంచి మళ్లీ వినబడేవి.

కాపలా మా అక్క మొగుడు సూరిబావ. ముప్ఫయ్యేళ్లు అక్కడే కళాసీగా చేసిన మనిషి. గీతలన్నీ కొట్టేసి ఉంటే తలుపు వేసేస్తాడు. మనుషుల్ని వెతకడు, లెక్క చూస్తాడు. నేనేమో రోజంతా లోపలికీ బయటికీ తిరిగేవాణ్ణి. ఒక్కరోజూ గీత గీయలేదు.

ఆ రాత్రి గోనె తెరల వెనక వైరు చుడుతున్నాను. ధన్‌మని తలుపు పడింది... తర్వాత గొళ్లెం. నేను లేచేలోగా కరెంటు కూడా పోయింది.

"బావా..." అని అరిచాను. పలకలేదు. ఇంట్లో నా భార్యకి నెలలు నిండాయి, ఒక్కర్తే ఉంది. మా ఊరు కశింకోటకి ఆఖరి షేర్ ఆటో వెళ్లిపోతే ఇక నడకే. తలుపు బాదాను. పైన రేకులు మోగాయి... అంతే. పాత బెల్లం వాసన గొంతుకి అడ్డం పడుతోంది.

అప్పుడు వినబడింది.

"లాభం... రెండు... మూడు..."

పెట్టె అనుకున్నాను. కానీ దాని ప్లగ్గు నా చేతిలోనే ఉంది. నేను చుడుతున్న వైరు అదే.

తొందరేమీ లేకుండా లెక్కపెడుతోంది. నలభై మూడు దగ్గర ఆగింది. ఆ రోజు వచ్చినవాళ్లు నలభై ముగ్గురే. తర్వాత చప్పుడు లేదు... ఎవరో నాకోసం ఆగినట్టుంది. లెక్కలో లేకపోబట్టే కదా ఇరుక్కున్నాను అనిపించింది. గోడ తడుముకుంటూ వెళ్లి, బొగ్గు దొరికించుకుని, ఒక గీత గీశాను. "నలభై నాలుగు" అన్నాను.

నా పక్కనే... మెల్లగా... "నలభై అయిదు."

ఎంతసేపయిందో తెలీదు. గొళ్లెం తీసిన చప్పుడు. టీకి వెళ్లొచ్చిన బావ, బయట నా చెప్పులు చూసి తలుపు తెరిచాడట. టార్చి గోడ మీద వేశాడు.

"ఒరే, లోపలే ఉన్నావేటి? నీతోటి ఇంకెవులున్నారు?"

"ఎవులూ లేరు బావా."

"మరి కొట్టెయ్యని గీతలు రెండున్నాయేటి?"

పక్కపక్కనే ఉన్నాయి. ఒకే పొడుగు. ఒకే చెయ్యి గీసినట్టు.

బావ గడప దాటలేదు. "నీది కొట్టేసి వచ్చెయ్. రెండోదాని జోలికెల్లకు" అన్నాడు.

బొగ్గు పట్టుకుని నిలబడ్డాను. ఏది నాది? ఎడమది కొట్టేసి బయటికి పరిగెత్తాను.

ఇన్నేళ్లయింది. ఆ గోడౌన్ కూడా ఇప్పుడు లేదు. నేను ఇక్కడే, మీ ముందే కూర్చుని ఉన్నాను కదా... కానీ ఆ రాత్రి కొట్టేసింది నా గీతేనా అంటే... ఆ ఒక్క మాట మటుకు ఒట్టేసి చెప్పలేను.