కోలిసిస్టెక్టమీలో మూడు ముక్కలు

రైల్లో చెన్నై వెళ్తుంటే బిట్రగుంటలో ఎక్కిన మస్తాన్ గారు ఆసుపత్రి చీటీ నాకు చూపించారు. పక్కన భార్య, నలుగురు బంధువులు.

“అబ్బయ్యా, నెల్లూర్లో నాకీ స్కానింగు తీస్తారంట. ఇంత పొడుగు పేరు ఎట్టా పలకాల?”

“కో-లి-సిస్-టెక్-ట-మీ. ‘టెక్’ మీద ఒత్తి పలకండి,” అన్నాను హుషారుగా. “కోలి అంటే పిత్తం, సిస్ట్ అంటే సంచి, ఎక్టమీ అంటే కోసి తీసేయడం.”

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆపరేషన్ సంగతి బంధువులకే కాదు, శనక్కాయలమ్మే అతనికి కూడా తెలుసట. ఆయనొక్కరికే చెప్పలేదు!

“నేను దిగిపోతా!” ఆయన లేచారు.

“ఇన్నాళ్లూ దాచినాం గదయ్యా! నిన్నెవరు చెప్పమనింది?” భార్య నన్ను కసిరింది.

“చిన్న ఆపరేషనేనండీ,” అని నసిగాను.

“చిన్నదైతే నువ్వూ రా!” ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

చెన్నై టికెట్‌తో నెల్లూరులో దిగాను. ఆసుపత్రిలో మా ఇద్దరి ముఖాలూ చూసి నర్సు అడిగింది: “ఆపరేషన్ ఎవరికి?”