నీళ్లలో నిలిచిన కెమెరా

అమీర్‌పేటలో నేనుండేది మేడ మీది ఒంటి గది. దాని ముందు పెద్ద నీలం డ్రమ్ము పెట్టి, రెండు నెలలపాటు కెమెరా రిగ్గును అందులో ముంచుతూ తేలుస్తూ గడిపాను. నీళ్లు చొరని పెట్టెలో కెమెరా, దానికి చెరో పక్కన ఒక లైటు. వదిలేస్తే అది మునగకూడదు, తేలకూడదు, ఉన్నచోటే ఉండాలి. లేకపోతే నీటి అడుగున దాన్ని పట్టి ఆపడానికే ఊపిరంతా అయిపోతుంది. ఇక షాటేం తీస్తాం, మన మొహం!

తేలడానికి యోగా చాప ముక్కలు కోసి కట్టాను. మునగడానికి వలలకు కట్టే సీసపు గుండ్లు వేలాడదీశాను. షూటింగేమో సముద్రంలో, అక్కడ ఏదైనా ఇంకాస్త తేలుతుంది కాబట్టి, బస్తా కళ్లుప్పు డ్రమ్ములో కలిపి, అదనంగా ఎన్ని గుండ్లు కావాలో ఆ లెక్కా చూసిపెట్టుకున్నాను. కింది వాటా ఓనరమ్మ "ఏంటమ్మా, ఊరగాయ పెడుతున్నావా?" అనేది.

ఇదంతా అన్న మాట నమ్మి. సొంత అన్న కాదు. శ్రీనగర్ కాలనీలో ఉండే కెమెరామన్, ఆరేళ్లుగా ఆయనకు అసిస్టెంటును. "నీళ్లల్ల కెమెరా నువ్వే పట్టాలె చెల్లె, ఫికర్ చెయ్యకు," అన్నాడు. ఆరేళ్లు స్టాండ్లు మోసిన చేతికి మొదటిసారి కెమెరా వస్తుందని, వీపుకు గాలి సిలిండరు కట్టుకుని నీళ్లలోకి దిగడం కూడా నేర్చుకున్నాను.

షూటింగు దగ్గరపడ్డాక, ఒకసారి చూసి ఇస్తానని రిగ్గు పట్టుకుపోయాడు. షూటింగుకు వెళ్లే నా టికెట్టు సంగతి అడుగుదామని పంజాగుట్టలోని సినిమా ఆఫీసుకు వెళితే మేనేజరు తల గోక్కున్నాడు.

"వాళ్లు నిన్ననే పోయిన్రు కదా మేడం. కెమెరా పట్టనీకి అన్న బామ్మర్ది సుత పోయిండు."

పెళ్లి వీడియోలు తీసే బామ్మర్ది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాను, ఈయన దాటకముందే తగలేశాడు. నమ్మించి గొంతు కోశాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన ఫోను.

"చెల్లె, గిది ఆగుతలేదు, పైకే వస్తుంది. ఇంకెన్ని గుండ్లెయ్యాలె?"

"నన్నెందుకు ఇడిసిపెట్టి పోయినవ్ అన్నా?"

"గది వచ్చినంక మాట్లాడుదాం. ఈడ అందరు నిలబడ్డరు, జర చెప్పు."

"నాలుగు. ముందల రెండు, ఎనక రెండు," అన్నాను.

ఫోను కట్టెయ్యడం మరిచిపోయి, పక్కన ఎవరికో చెబుతున్నాడు: "ఏం లేదు సార్, నాలుగు గుండ్లు తక్కువైనయ్. నాకు ముందే అనుమానం ఉండె."

తప్పు లెక్క చెప్పాలని ఆ క్షణాన నాకు తట్టనే లేదు. ఇప్పుడు రోజూ తడుతోంది.