సిస్టరమ్మ మార్పించిన బల్బులు

ఖమ్మంలో జరిగిన పాత కార్ల ప్రదర్శనలో మా సిస్టరమ్మ అంబాసిడర్‌ను చెడగొట్టిన బండి అని వరుసలోంచి తీయించేశారు. బండి చెడిపోలేదు. ఊరి నుంచి తన చక్రాల మీద తాను వచ్చింది. లారీల మీద తాళ్లు కట్టి తెచ్చినవి మాత్రం వరుసలోనే ఉన్నాయి. మీటర్ల వెనక ఎల్ఈడీ బల్బులు ఉండటమే దీని నేరం. ప్రదర్శన పెద్ద వెంకటరత్నం గారు తాళం తిప్పించి, డ్యాష్‌బోర్డు వెలుగు చూసి, "ఎవరో బాగా చెడగొట్టారండీ దీన్ని. అదీ సగం పనే. ఒక పాత బల్బు అట్లాగే వదిలేశారు," అని పక్కవాళ్లతో కలిసి నవ్వారు. నాకు బహుమతి మీద ఆశ లేదు. ఒక్కో కారు ముందుకు వచ్చినప్పుడు అది ఎవరిదో మైకులో చెబుతారు. ఆమె పేరు అందరిలో ఒక్కసారి వినపడాలని అంత దూరం నడుపుకుంటూ పోయాను. పేరుకు బదులు ఆ మాట విని వచ్చాను.

తిరిగి బయలుదేరే ముందు చాలాసేపు బండిలోనే కూర్చున్నాను. పొద్దంతా ఎండకు కాగిన రెక్సిన్ సీట్లలోంచి డెటాల్ వాసన లేస్తోంది. ఎన్ని తొడుగులు మార్చినా ఆ వాసన పోలేదు. తాళం తిప్పితే మీటర్ల వెలుగు నా వేళ్ల మీద పడింది. ఆ వేళ్లకు స్టీరింగు పట్టడం నేర్పిందీ, సగంలో బడి మానేసిన నన్ను చదివే మనిషిని చేసిందీ, ఆ బల్బులు మార్పించిందీ ఆమే.

ఆమె పేరు ఎస్తేరు. నర్సు. భద్రాచలం అవతల ఒక చిన్న దవాఖానా నడిపేది. వారం వారం మందుల పెట్టెలు వేసుకుని చర్ల వైపు ఊళ్లకు తానే కారు నడుపుకుంటూ వెళ్లేది. ఆ పెట్టెలు మోయడానికి నన్ను పెట్టుకుంది. పనిలో చేరిన కొత్తలో ఒక ముసలాయన ఒళ్లు ఎట్లా ఉందో ఆమె చూడమంటే, నుదురు మీద చెయ్యి పెట్టి, కాలుతోందని చెప్పాను. "నీ చెయ్యి చెప్పిన మాట నాకెందుకురా యాదగిరీ? ఎంత ఉన్నదో చెప్పు," అంది. థర్మామీటర్ చేతికిచ్చింది. ఆ సన్నని గీతలు చదవడం నాకు రాదు. ఆమె నవ్వలేదు, కసరలేదు. పని అయ్యాక నన్ను కారులో కూర్చోబెట్టి, మీటర్ల మీది అంకెలు ఒక్కొక్కటే చదివించింది. పెట్రోలు మీటరుకు ఆ చివర ఒక ఇంగ్లీషు అక్షరం, ఈ చివర ఒకటి. ఒకటి ఖాళీ అని, ఒకటి నిండా అని చెప్పింది. నాకు వచ్చిన మొదటి ఇంగ్లీషు అదే. అక్కడి నుంచి మందుల డబ్బాల మీది రాతలు, అక్కడి నుంచి పొట్లాలు కట్టిన పాత పేపర్లు, ఆ తర్వాత చేతికి దొరికిందల్లా. ఇవాళ నేను నలుగురితో వాదించగలుగుతున్నానంటే ఆ డ్యాష్‌బోర్డు ముందు కూర్చున్నందుకే.

చాలా ఏళ్ల తర్వాత ఒక సాయంత్రం చర్ల నుంచి తిరిగి వస్తున్నాం. పోలీసు క్యాంపు దగ్గర ఎప్పటిలాగే హెడ్‌లైట్లు ఆపి, లోపలి లైటు వేసి, మా ముఖాలు చూపించి కదిలాం. క్యాంపు దాటగానే పెట్రోలు ముల్లు ఎక్కడుందో చూడమంది. అడుగుకు వచ్చిందని చెప్పాను. ఆమె కారును రోడ్డు పక్కకు తీసి ఆపేసింది.

"రోడ్డు కనపడ్తంది. ముల్లు కనపడ్తలేదు. కొన్నాళ్ల సంది అందాజ మీదనే నడుపుతున్న," అంది.

ఇంకెవరైనా ఆ మాట నవ్వుతూ చెప్పేవాళ్లు. అందాజా అనే మాటను దవాఖానా గడప తొక్కనివ్వని మనిషి నోటి నుంచి వచ్చిందది. సూది మందు అందాజాగా ఎక్కించానని ఒప్పుకున్నట్టే ఉంది ఆమె ముఖం. నేనున్నాను కదా, పక్కన కూర్చుని చూసి చెబుతానన్నాను.

"నువ్వు రాని నాడు?" అని అడిగింది. "కండ్లకు చేయించాల్సింది చేయించిన. ఇగ అవి మారవు. బల్బులు మారుతయి," అంది.

మార్చడం నాకు ఇష్టం లేదు. మర్నాడు దవాఖానాలో, అంత పాత బండికి దాని అసలు వెలుగు తీసేస్తే ఎట్లా అని వాదించాను. వెంకటరత్నం గారు ప్రదర్శనలో అన్న మాటే నేను అప్పుడు కాస్త మర్యాదగా అన్నాను. ఆమె చేతిలో పని ఆపకుండానే జవాబిచ్చింది: "గాజు సిరంజీలు మరగబెట్టిన చేతులు ఇవి. వాడి పారేసేటివి వచ్చిన నాడు ఒక్కటి గూడ దాచుకోలే."

భద్రాచలంలో దుకాణాయన ఇప్పుడందరూ నీలం రంగే పెట్టిస్తున్నారని అవే ఇచ్చాడు. అవి వెలిగించి చూపిస్తే, "పెండ్లి పందిరి అనుకున్నవా ఇది?" అని వెనక్కి పంపింది. తెల్లవి తెచ్చాను. మీటర్ల పలక ఊడదీసి, దవాఖానా వరండాలో గుడ్డ పరిచి, ఆమె చెబుతుంటే నేను ఒక్కొక్కటే బిగించాను. ముళ్లన్నీ కడిగినట్టు కనిపించాయి. ఆమె బడిపిల్లలా అంకెలన్నీ పైకి చదివింది.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. చర్లలో బండి స్టార్ట్ కాలేదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. నలుగురు తోస్తే కదిలింది. కొత్త బల్బులను, అవి అమ్మినవాణ్ణి నేను దారి పొడుగునా తిట్టాను. ఆమె తిట్టలేదు. రోగికి కొత్త మందు పడకపోతే ఏం చేసేదో అదే చేసింది. "మనం ముట్టుకున్నయి ఎన్నో అన్నీ ఒక్కొక్కటే పాతయి పెట్టుకుంట రా. ఎక్కడ కుదురుతదో సూద్దాం," అంది. బ్యాటరీకి కరెంటు అందితే వెలుగు పెరుగుతుందని, ఒక్కోటి మార్చి ఇంజను వేగం పెంచుతూ హెడ్‌లైటు వంక చూశాం. బ్యాటరీకి చార్జింగు అందడం లేదని చెప్పే ఎర్ర బల్బు దగ్గర పాతది పెట్టగానే హెడ్‌లైటు నిండుగా వెలిగింది. ఆ పాత బల్బు గుండా పోయే కరెంటుతోనే చార్జింగు మొదలవుతుందని, కొత్తది దానికి సరిపోయేంత కరెంటు పోనివ్వదని తర్వాత నేను చదివి తెలుసుకున్నాను. ఆ ఒక్కటీ ఉంచేసి, మిగతా అన్నిచోట్లా మళ్లీ కొత్తవే బిగించాం. సగం పని అని వాళ్లు నవ్వింది ఈ పనిని.

ఆమె పోయే ముందు బండి నాకిచ్చింది. ఇప్పటికీ ఎవరైనా "అంతా బాగుంది" అంటే, ఎంత బాగుందని అడుగుతాను. ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. ముల్లు చూడకుండా మాట అనకూడదన్నది నాలో నాటుకుపోయింది. అందుకే వెంకటరత్నం గారిని వదిలిపెట్టలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మీకు చెప్పిందంతా, అలవాటుగా సిస్టరమ్మ అనే అంటూ, వాట్సాప్‌లో నా గొంతుతోనే చెప్పి పంపాను. బహుమతి వద్దు, వరుస వద్దు, "చెడగొట్టారు" అన్న మాట ఒక్కటి వాపసు తీసుకోండి అన్నాను. చాలా రోజులు ఉలుకూ పలుకూ లేదు. చివరికి మొన్న ఆయన గొంతు వచ్చింది:

"యాదగిరి గారూ, మీరు చెప్పింది మా ఆవిడ్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని విన్నానండీ. ఆ మాట అనకూడదు, వెనక్కి తీసుకుంటున్నా. రూలు మాత్రం నా ఒక్కడి చేతిలో లేదు, వచ్చే ఏడు కూడా మీ బండిని వరుసలో పెట్టలేను. ఇంకోటి, ఇది మావాళ్లతో అనబాకండి. నా ఫియట్‌లో ముల్లు కనపడక పొద్దుగూకాక దాన్ని బయటికి తీయడమే మానేశాను. ఆదివారం తీసుకొస్తా, ఆ బల్బులు మీరే బిగించాలి. ఎవరు చెప్పారని అందరూ అడుగుతారు. మీరు సిస్టరమ్మ, సిస్టరమ్మ అన్నారు గానీ అసలు పేరు చెప్పలేదు. ఆమె పేరేంటండీ?"