ముట్టుకోకుండానే తెరుచుకున్న ఎల్బీనగర్

ఎన్నికల్లో ఓడినవాళ్లు చాలామంది ఉంటారు. నామినేషన్ వేయకుండానే, ఓట్ల లెక్కింపు రోజున, ప్రత్యక్ష ప్రసారంలో డిపాజిట్ పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం బహుశా నేనొక్కణ్ణే. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను.

అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్లో జాగ్రఫీ చెప్పేవాణ్ణి. మ్యాపు ముందు నిలబడితే నాకు పూనకమే. అది విని, ఎల్బీనగర్‌లో చిన్న లోకల్ చానల్ నడిపే సత్తన్న నన్ను పిలిచాడు.

"సార్, కౌంటింగ్ రోజు టచ్ స్క్రీన్ మీద నియోజకవర్గాలు చూపియ్యాలె. వేలు పెట్టంగనే అంకెలొస్తయి. గిది మంచిగైతే ప్రతి ఆదివారం గంట ప్రోగ్రాం మీదే!"

ఆదివారం గంట! వనస్థలిపురంలో మా కాలనీ అంతా చాటింపు వేసేశాను. ఇస్త్రీ చేసిన చొక్కాకే మళ్లీ ఇస్త్రీ చేయించాను.

ప్రసారం మొదలైంది. గోడకు బిగించిన పెద్ద తెర మీద ఇలా వేలు పెడితే అలా నియోజకవర్గం విచ్చుకుంటోంది, ఎవరు ముందున్నారో చెబుతోంది. అంతా సాఫీగా సాగుతుండగా ముక్కు దురద పెట్టింది. గోక్కుందామని వేలెత్తానో లేదో, ఎల్బీనగర్ తెరుచుకుంది!

మీరైతే బుద్ధిగా అంకెలు చదివేసి ఊరుకునేవారు. నేను మాస్టార్ని కదండీ, ఎలా ఊరుకుంటాను? వేలిని తెరకు జానెడు దూరంలో ఆపాను. ఉప్పల్ వచ్చింది. రెండడుగులు వెనక్కి వేసి చూపించాను. మలక్‌పేట వచ్చింది. ఎవరు గెలుస్తున్నారో పూర్తిగా మర్చిపోయాను.

"చూశారా! ఇది ముట్టుకుంటే కాదండీ, మన ఒంటి వేడికే పనిచేస్తోంది!" అని ప్రేక్షకులకు పాఠం మొదలుపెట్టాను. కెమెరా పక్కన సత్తన్న రెండు చేతులూ జోడించాడు. మెచ్చుకుంటున్నాడనుకున్నాను.

"ఇప్పుడు ఆఖరి ప్రయోగం. చేతులు వెనక్కి పెట్టుకుని ఊరికే చూస్తాను. ఏం జరుగుతుందో గమనించండి."

ఏమీ జరగలేదు. తర్వాత ప్లైవుడ్ గోడ వెనకనుంచి ఓ గొంతు లేచింది. నా కాలర్ మైకు దాన్ని ఇంటింటికీ చేరవేసింది.

"సార్, చేతులు ఎనకకు పెట్టుకుంటే నేనేది నొక్కాలె? పొద్దుగాల్నుంచి గీడ మానిటర్ల మీ వేలు జూసుకుంటనే మౌస్ నొక్కుతున్న. జర చూపియ్యిండ్రి!"

అతను ఆపరేటర్ యాదగిరి. నేను ముట్టుకుంటున్నది మామూలు టీవీ.

"ముందే చెప్పొచ్చు కదండీ?" అన్నాను ప్రసారం ఆగాక.

"చెప్తే యాక్టింగ్ చేస్తరని చెప్పలే. చెప్పకుంటె గింత పరేషాన్ చేస్తరని నాకేం ఎరుక?" అన్నాడు సత్తన్న.

నా ఆదివారం పోయింది. ఆటోలో నిజంగానే ఏడుపొచ్చింది. ఇంటికెళితే అమ్మ ఓదార్చింది.

"నువ్వూ బాగానే చెప్పావురా. ఆ గోడ వెనకాయన గొంతు మాత్రం ఎంత బాగుందో!"

కాలనీ అంతా అదే మాట. చానల్‌కీ అవే ఫోన్లట. ఆదివారం ప్రోగ్రాం యాదగిరికి ఇచ్చారు.

కాబట్టి అశేష ప్రజానీకం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పనిచేస్తున్న యంత్రాన్ని ఎందుకు పనిచేస్తున్నావని ఈ జన్మలో అడగను. లిఫ్టు బటన్ కూడా ఒక్కసారే నొక్కి, నోరు మూసుకుని నిలబడతాను. లోపల ఎవరున్నారో ఏమో!