వెనక సీటు తీర్పు

లారీ మీంచి దించిన కొత్త సెడాన్ సీట్లకున్న ప్లాస్టిక్ కవర్లు నిన్న మా షోరూంలో విప్పారు. తోలు వాసన గుప్పుమంది. చుట్టూ చేరిన మావాళ్లంతా ఆనందంగా పీలుస్తుంటే నాకు వసుంధర మేడం గుర్తొచ్చి నవ్వాగలేదు. ఆమెకా వాసన గిట్టేది కాదు. ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని మరీ ఖమ్మంలో పన్నెండేళ్లు ఖరీదైన కార్లు అమ్మించారు. ఆమెకు డ్రైవింగ్ కూడా రాదు. ఎవరైనా నేర్చుకోమంటే, "స్టీరింగ్ పట్టేటోడు ఒక్కడే. వెనక ముగ్గురు కూసుంటరు. నేను ఆ ముగ్గుర్ల ఒకదాన్ని" అనేవారు.

నేను చేరిన రోజు బ్రోచర్ మొత్తం కంఠతా పట్టి, ఖానాపురం హవేలి నుంచి స్కూటీ మీద వచ్చాను. ఇంజన్ బలం, ఎయిర్‌బ్యాగులు, తెర సైజు గడగడా అప్పజెప్పాను. మా మేనేజరైన మేడం ఓపిగ్గా విని, "మంచిగ చెప్పినవ్. ఇగ అవతలి కంపెనీ కారుల ఏం బాగుంటదో చెప్పు" అన్నారు. నేను మళ్లీ బ్రోచర్ తిరగేశాను. "తెల్వదా? మరి దేంతోని పోటీ పడుతున్నవమ్మా?" అంటూ నన్ను అప్పటికప్పుడు పోటీ షోరూంకి పంపారు. అక్కడ సేల్స్‌లో ఉన్న ఇమ్రాన్ టీ తెప్పించి, తన కారంతా తిప్పి చూపించాడు. "మీ మేడం కొత్తోళ్లందర్నీ గిట్లనే పంపుతది" అని నవ్వాడు. ఆ తర్వాత ప్రతి సోమవారం మా మీటింగులో సగంమంది మా కారు తరఫున, సగంమంది వాళ్ల కారు తరఫున వాదించాల్సి వచ్చేది. గొంతులు లేచేవి. మేడం పల్లీలు తింటూ ఎవరి మాట నిలబడిందో చెప్పేవారు.

ఆరు నెలల ప్రొబేషన్ ఇంకో పది రోజుల్లో ముగుస్తుందనగా నా చేతి మీదుగా ఒక్క కారూ అమ్ముడుపోలేదు. అప్పుడొచ్చారు తల్లాడ నుంచి వెంకటనారాయణ గారు. మిర్చి రైతు, కోల్డ్ స్టోరేజీ కూడా ఉంది. నెలకోసారి వాళ్లమ్మ సుబ్బమ్మ గారిని భద్రాచలం దర్శనానికి తీసుకెళ్లడానికి మంచి కారు కావాలన్నారు. మా కారు నచ్చింది గానీ, ఇమ్రాన్ వాళ్ల కారు మీదా మనసుంది. ఆయన అటూ ఇటూ ఊగుతుంటే నాకు భయం పట్టుకుంది. "వాళ్ల కారుకు స్పేర్ పార్టులు ఇక్కడ దొరకవండీ. రెండేసి నెలలు షెడ్డులోనే ఉంటుంది" అనేశాను. ఆయన ఆలోచనలో పడి వెళ్లిపోయారు.

మేడం క్యాబిన్‌లోంచి విన్నారు. "పార్టుల సంగతి ఎవరు చెప్పిండ్రు నీకు?"

"ఎవరూ చెప్పలేదు మేడం."

తిట్టలేదు. "రేపు తల్లాడ పోదాం" అన్నారు, అంతే.

మర్నాడు వాళ్ల వరండాలో నిలబడి, "నిన్న పార్టుల సంగతి నేను కల్పించి చెప్పానండీ. నిజం కాదు" అన్నాను. చెవులు వేడెక్కిపోయాయి. వెంకటనారాయణ గారు మేడం వైపు చూశారు. కుర్చీలో కూర్చున్న సుబ్బమ్మ గారు మాత్రం, "మిగతా కబుర్లన్నా నిజమేనా అమ్మాయ్?" అన్నారు. మేడం పకపకా నవ్వారు. "ఎవరి మాటా నమ్మొద్దమ్మా. రెండు కార్లల్ల మీరే కూసొని చూడుండ్రి" అని అక్కడినుంచే పోటీ షోరూంకి ఫోన్ కలిపారు.

అలా ఆ ఆదివారం భద్రాచలం బయల్దేరాం. పోయేటప్పుడు మా కారు, వచ్చేటప్పుడు ఇమ్రాన్ వాళ్ల డ్రైవర్ వెనకాలే తెస్తున్న కారు. వెంకటనారాయణ గారే నడిపారు. వాదించడానికి ఎదుటివాడు ఉండాలని మేడం ఇమ్రాన్‌ను ముందు సీట్లో ఎక్కించుకున్నారు. వెనక మేం ముగ్గురం ఆడవాళ్లం.

"మా కారుకు పైకప్పు తెరుసుకుంటది మేడం" అన్నాడు ఇమ్రాన్.

"మన ఎండలకు కప్పు తెరిచి అప్పడాలు కాల్చుకోవాల్నా?"

"మీ డిక్కీ చిన్నది."

"అవ్, చిన్నదే. గా మాట ఒప్పుకుంట."

పాల్వంచ దాటి అడవి రోడ్డులో పడ్డాక ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లు. ఎంత మెల్లగా పోనిచ్చినా మా కారు కుదిపేసింది. కుదుపు కుదుపుకీ సుబ్బమ్మ గారు "రామా!" అన్నారు. గుడికి చేరేలోపే ఆవిడ దర్శనం సగం అయిపోయిందని కొడుకు హాస్యమాడాడు. మేడం నవ్వలేదు. నడుం పట్టుకుని ఆలోచిస్తున్నారు.

తిరుగు ప్రయాణంలో ఇమ్రాన్ తన కారు గొప్పలు మొదలుపెట్టగానే మేడం ష్ అన్నారు. సుబ్బమ్మ గారు మేడం భుజం మీద తలవాల్చి నిద్రపోతున్నారు. అవే స్పీడ్ బ్రేకర్లు. కొత్తగూడెం దాకా లేవలేదు. "ఇగ వాదనేం లేదు సునీతా" అని మేడం నా చెవిలో అన్నారు.

వాళ్లు ఆ కారే కొన్నారు. ఇమ్రాన్ స్వీట్లు పట్టుకొచ్చాడు. మేడం రెండు తీసుకున్నారు, నేను స్కూటీ దగ్గర నిలబడి ఏడ్చాను. నా ప్రొబేషన్ మూడు నెలలు పెరిగింది. "కారు పోయినందుకా మేడం?" అని అడిగితే, "కారు పోతే ఇంకోటి అమ్ముతం. అబద్ధమాడినందుకు" అన్నారు. అదే రోజు కంపెనీకి నాతో ఉత్తరం టైపు చేయించారు. నేను పెద్ద పెద్ద మాటలు పెడితే అన్నీ కొట్టేయించారు. "మన కారుల పెద్దమనిషికి నిద్ర పట్టాలె. గంతే రాయి." రెండేళ్లకు కుదుపులు తెలియని మెత్తటి సస్పెన్షన్‌తో కొత్త మోడల్ వచ్చింది. అది తన ఉత్తరం వల్లేనని మేడం ఊరంతా చెప్పుకున్నారు. కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మూడు నెలల్లో రెండు కార్లు అమ్మి నేను ఉద్యోగం నిలుపుకున్నాను. మేడం రిటైరై హనుమకొండలో ఉంటున్నారు. ఆమె క్యాబిన్‌లో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. నెలాఖరు దగ్గరపడి టార్గెట్ మిగిలిపోయినప్పుడు అవతలి కారు మీద ఏదో ఒక అబద్ధం ఇప్పటికీ నా నాలుక చివరిదాకా వస్తుంది. ఆ వరండా గుర్తొచ్చి చెవులు వేడెక్కుతాయి. ఆ మాట మింగేసి, మీ ఇంట్లో వెనక సీట్లో ఎవరు కూర్చుంటారండీ అని అడుగుతాను.